ఐర్లండ్‌లో సెకండ్‌హ్యాండ్ లెన్సులు: పొడవైనవి, బరువైనవి, కొనదగ్గవి

ప్రపంచంలోకెల్లా పెద్ద లెన్సు 1830లలో ఐర్లండ్‌లో ఉండేది. అదీ డబ్లిన్‌లో కాదు, అట్లాంటిక్ గాలి కొట్టే పడమటి వైపున, స్లైగో కౌంటీలోని మార్క్రీ కోటలో. ఆ కోట యజమాని ఎడ్వర్డ్ జాషువా కూపర్‌కి నక్షత్రాలంటే ప్రాణం. ప్యారిస్‌లో కోష్వా అనే నిపుణుడు అరగదీసి తయారుచేసిన 13.3 అంగుళాల లెన్సును 1831లో కొని తెచ్చుకున్నారు. దాని ఫోకల్ లెంగ్త్ దాదాపు 25 అడుగులు. ఇవాళ్టి కెమెరా లెక్కలో చెప్పాలంటే 7,600 మిల్లీమీటర్లు, అపర్చర్ ఎఫ్ 22కి కాస్త అటూ ఇటూ. అంత గాజును మోసే పోత ఇనుము పీఠాన్ని 1834లో థామస్ గ్రబ్ చేసిచ్చారు. డబ్లిన్‌లో ఆయన మొదలుపెట్టిన పని తరవాత ప్రపంచం నలుమూలలకీ పాకింది.

ఐర్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్ళలో కెమెరా పట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. కెమెరాతో పాటు వచ్చిన చిన్న లెన్సుతో కొన్నాళ్ళు తిప్పలుపడి, జింకా పక్షీ దగ్గరగా కనపడాలంటే టెలిఫోటో జూమ్ కావాలని తెలుసుకుని, కొత్తదాని ధర చూసి గుండె జారిపోయి, సెకండ్‌హ్యాండ్ వైపు తిరుగుతారు. తిరగాల్సిన దారి అదే. ఈ దేశంలో పెద్ద లెన్సు చరిత్రంతా చేతులు మారిన సరుకు చరిత్రే.

చేతులు మారిన లెన్సులు

మార్క్రీ లెన్సునే చూడండి. కూపర్ 1863లో పోయారు. తరవాత అది హాంకాంగ్‌లోని జెస్యూట్ ఫాదర్ల చేతికి వెళ్ళింది, అక్కడి నుంచి ఫిలిప్పీన్స్‌లోని మనీలా అబ్జర్వేటరీకి చేరింది. ప్యారిస్‌లో పుట్టి, స్లైగోలో పెరిగి, చైనా సముద్రం ఒడ్డున రెండుసార్లు ఇల్లు మారిన గాజు అది. మార్క్రీకి ఇంకో రెండు రికార్డులున్నాయి. ఐర్లండ్ నుంచి 19వ శతాబ్దంలో కనుగొన్న ఒకే ఒక్క గ్రహశకలం మెటిస్. దాన్ని కూపర్ సహాయకుడు ఆండ్రూ గ్రేయమ్ 1848 ఏప్రిల్ 25న ఇక్కడి నుంచే పట్టుకున్నారు. ఈ దేశంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత, మైనస్ 19.1 డిగ్రీలు, 1881 జనవరి 16న మార్క్రీలోనే కొలిచారు.

అదే ప్యారిస్ నిపుణుడి చేతిలో తయారైన మరో లెన్సు కథ ఇంకా విచిత్రం. సర్ జేమ్స్ సౌత్ అనే లండన్ ఖగోళవేత్త సుమారు 12 అంగుళాల కోష్వా లెన్సును 1829లో కొన్నారు. దానికి పీఠం చేసే పనిని ట్రౌటన్ అండ్ సిమ్స్ అనే పేరున్న సంస్థకు అప్పజెప్పారు. పీఠం ఊగుతోందని ఆయన డబ్బివ్వనన్నారు. తగువు మధ్యవర్తుల దాకా వెళ్ళి ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి సౌత్ ఓడిపోయారు. ఆ కోపంలో పీఠాన్ని ముక్కలు ముక్కలు చేయించి, ఆ ముక్కల్ని బహిరంగంగా వేలం వేయించారు. లెన్సును మాత్రం ముట్టుకోలేదు. అది ముప్పై ఏళ్ళకు పైగా పనీపాటా లేకుండా పడి ఉంది. 1860లలో ఆయనే దాన్ని డబ్లిన్ ట్రినిటీ కాలేజీకి దానమిచ్చారు. గ్రబ్ దానికి నిలకడైన పీఠం కట్టి, 1868లో డబ్లిన్ శివారు డన్సింక్ అబ్జర్వేటరీలో నిలబెట్టారు. ఆ సౌత్ టెలిస్కోపు ఇప్పటికీ అక్కడే ఉంది. లెన్సులో లోపం లేదు, దాన్ని పట్టుకున్న లోహంలోనే లోపం. సెకండ్‌హ్యాండ్ లెన్సు తీసుకునేటప్పుడు మన వేళ్ళు వెతకాల్సింది కూడా అదే: గాజు బాగుందా, దాన్ని పట్టుకున్న గొట్టం, రింగులు, మౌంటు బిగువుగా ఉన్నాయా అని.

గ్రబ్ పేరు మనకు కొత్తేమీ కాదు, కనీసం హైదరాబాదుకు కాదు. థామస్ కొడుకు హోవార్డ్ గ్రబ్ డబ్లిన్ రాత్‌మైన్స్‌లోని కార్ఖానా నుంచి 1878లో వియన్నా కోసం 27 అంగుళాల లెన్సు టెలిస్కోపు పూర్తిచేశారు. ఆ రోజుకి ప్రపంచంలో అదే పెద్దది. అదే గ్రబ్ చేసిన 15 అంగుళాల టెలిస్కోపును నవాబ్ జఫర్ జంగ్ కొని, 1901లో హైదరాబాదులోని ఫిసల్‌బండలో సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని నిజామియా అబ్జర్వేటరీగా నడిపింది. తరవాత అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. గ్రబ్ టెలిస్కోపును మళ్ళీ బిగించి వాడుకలోకి తెచ్చింది 1922లో, టి.పి. భాస్కరన్ గారి హయాంలో. అంటే బేగంపేటలో అది వెలిగింది సెకండ్‌హ్యాండ్ సరుకుగానే. ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసే అంతర్జాతీయ పథకంలో హైదరాబాదుకు ఒక భాగం అప్పజెప్పారు. ఇంగ్లండులో చేసిన ఇంకో టెలిస్కోపుతో తీసిన ఆ ఫోటోల మీద కొలిచిన నక్షత్రాలు 7,63,542. తెలుగు నేల మీద టెలిఫోటోగ్రఫీలో ఇంతకు మించిన కార్యం నాకు కనపడదు.

కొనలేనివి

టెలిఫోటో లెన్సు అంటే పొడుగు లెన్సు అని మాత్రమే కాదు. 25 అడుగుల ఫోకల్ లెంగ్త్ కావాలంటే కూపర్‌కి 25 అడుగుల గొట్టం తప్పలేదు. ముందు గాజు వెలుగును దగ్గరికి లాగుతుంటే వెనక ఇంకో గాజు ఆ లాగుడును సాగదీస్తే గొట్టం పొట్టిగా ఉండొచ్చని 1891లో లండన్‌లో థామస్ డాల్‌మేయర్ పేటెంటు తీసుకున్నారు. ఆ కిటుకు వల్లే ఇవాళ 300 మిల్లీమీటర్ల నికాన్ జూమ్ ముడుచుకుంటే 14 సెంటీమీటర్లకు సరిపోతోంది.

ఆ కిటుకును హద్దులు దాటించిన రాక్షసులూ ఉన్నాయి. అమ్మకానికి వచ్చిన వాటిలో కానన్ 1200 ఎంఎం ఎఫ్ 5.6 పేరుమోసినది. 1993లో వచ్చింది, బరువు 16.5 కిలోలు, ఆర్డరిస్తేనే చేసేవారు. 2021లో జర్మనీలోని వెట్జ్‌లార్ వేలంలో ఒకటి 5 లక్షల యూరోలు పలికింది. నికాన్ 1200 నుంచి 1700 ఎంఎం దాకా వెళ్ళే జూమ్ ఒకటి చేసింది. జపాన్‌లో కోషియెన్ మైదానంలో జరిగే హైస్కూల్ బేస్‌బాల్ పోటీల్లో దాన్ని మొదట వాడారు. అది 16 కిలోలు. సిగ్మా 2008లో తెచ్చిన 200-500 ఎంఎం ఎఫ్ 2.8 ఆకుపచ్చ గొట్టం 15.7 కిలోలు. వీటన్నిటినీ పసిపిల్లలుగా చూపేది జైస్ కంపెనీ 2006లో ఫోటోకినా ప్రదర్శనలో పెట్టిన 1700 ఎంఎం ఎఫ్ 4. వన్యప్రాణుల్ని ఫోటో తీయడానికి ఒక ఖతార్ కొనుగోలుదారు చేయించుకున్న ఆ లెన్సు బరువు 256 కిలోలు.

చిన్న జేబుకు దక్కే రికార్డూ ఒకటుంది. నికాన్ కూల్‌పిక్స్ పి1000 అనే కెమెరా 2018లో వచ్చింది. లెన్సు విప్పడానికి రాదు, కానీ 125 రెట్లు జూమ్ అవుతుంది. పెద్ద సెన్సర్ లెక్కలో 3000 ఎంఎంకి సమానం. మొత్తం బరువు కిలోన్నర లోపే. చంద్రుడి మీద గుంటలు చూపించి పిల్లల్ని ఆశ్చర్యపరచడానికి దానికి సాటి లేదు. అయితే సెన్సర్ గోటి మీద పట్టేంత చిన్నది కాబట్టి, మబ్బు పట్టిన సాయంత్రం పక్షి ఈకలు మసకగా వస్తాయి. ఐర్లండ్‌లో మబ్బు పట్టని సాయంత్రాలు తక్కువ. అందుకే నేను ఎవరికీ దాన్ని మొదటి ఎంపికగా చెప్పను.

యాభై మీటర్ల లెక్క

ఎన్ని ఎంఎం కావాలన్నది అంగడిలో తేలే విషయం కాదు. మనం ఎక్కడ నిలబడతామో అక్కడ తేలుతుంది. డబ్లిన్ నగరంలో ఉన్న ఫీనిక్స్ పార్కు విస్తీర్ణం 707 హెక్టార్లు. యూరప్ రాజధానుల్లో గోడ కట్టిన పార్కుల్లో ఇంత పెద్దవి అరుదు. 1660లలో వేటకోసం తెచ్చి వదిలిన జింకల సంతతి ఇంకా అక్కడ మేస్తోంది. వాటికి కనీసం 50 మీటర్ల దూరంలో ఉండాలని పార్కు నియమం. తిండి పెట్టకూడదు, తాకకూడదు.

ఆ 50 మీటర్లనే కొలబద్దగా పెట్టుకుందాం. ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న మామూలు కానన్ కెమెరాకి 300 ఎంఎం తగిలిస్తే, 50 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లు. భుజం దగ్గర సుమారు 90 సెంటీమీటర్లుండే మగజింక కొమ్ములతో సహా అందులో నిండుగా, చుట్టూ కాస్త గాలితో కూర్చుంటుంది. 200 ఎంఎంతో అదే ఫ్రేము ఐదున్నర మీటర్ల వెడల్పవుతుంది. జింక చిన్నదవుతుంది గానీ, దాని వెనక అక్టోబరు చెట్ల రంగు వస్తుంది. రెండూ మంచి ఫోటోలే. సెన్సర్ ఇంకా పెద్దదైన ఫుల్ ఫ్రేము కెమెరాతో 300 పెడితే వెడల్పు 6 మీటర్లు. కెమెరా మార్చే ఆలోచన ఉన్నవాళ్ళు ఈ తేడా ముందే చూసుకోవాలి.

పఫిన్ పక్షుల కోసం స్కెల్లిగ్ మైకేల్ దీవికి వెళ్ళేవాళ్ళు 600 ఎంఎం లెన్సు మోసుకెళ్ళడం చూస్తే నాకు జాలేస్తుంది. కెర్రీ తీరం నుంచి పడవలో వెళ్ళి, 618 రాతిమెట్లు ఎక్కాలి. మే నుంచి జులై దాకా పఫిన్లు మెట్ల పక్కనే, మనిషిని లక్ష్యపెట్టకుండా కూర్చుంటాయి. 30 సెంటీమీటర్లు కూడా లేని ఆ పక్షికి అక్కడ 70-200 చాలు. పక్కనే ఉన్న లిటిల్ స్కెల్లిగ్ సంగతి వేరు. దాని మీద కాలు పెట్టనివ్వరు. 2014 లెక్కలో 35 వేల జంటల గ్యానెట్లున్న దీవి అది, ఐర్లండ్‌లో వాటి అతి పెద్ద స్థావరం. ఉత్తర అట్లాంటిక్‌లో అన్నిటికంటే పెద్ద సముద్రపక్షి గ్యానెట్, రెక్కలు విప్పితే 1.8 మీటర్లు. పడవ ఊగుతూ ఉంటుంది కాబట్టి అక్కడ పొడవు కంటే షట్టర్ వేగం ముఖ్యం.

నిజంగా పొడుగు లెన్సు అడిగేది తెల్లతోక గద్ద. ఐర్లండ్‌లో అతి పెద్ద వేటపక్షి అదే, రెక్కల విస్తారం 2.4 మీటర్ల దాకా ఉంటుంది. మనుషుల చేతిలో పూర్తిగా అంతరించిపోయాక, 2007 నుంచి నార్వే గద్ద పిల్లల్ని తెచ్చి కిలార్నీలో వదిలారు. 2013లో క్లేర్ కౌంటీ మౌంట్‌షానన్ దగ్గర డెర్గ్ సరస్సు దీవిలో ఒక జంట గూటి నుంచి పిల్లలు ఎగిరాయి. 110 ఏళ్ళకు పైగా విరామం తరవాత ఈ నేలమీద ఎగిరిన మొదటి పిల్లలవి. ఆ వార్త ఇప్పుడు తలుచుకున్నా మనసు నిండుతుంది. వాటి గూటికి దగ్గరగా వెళ్ళి బెదరగొట్టడం నేరం, పాపం రెండూ. ఒడ్డు నుంచే తీయాలి. అక్కడ 600 ఎంఎం కూడా చాలదనిపిస్తుంది.

పిల్లల ఆటలకి ఇంకో లెక్క. హర్లింగ్ మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, వెడల్పు 80 నుంచి 90. మైదానాల ఆటల్లో అతి వేగమైనదని ఐరిష్ వాళ్ళు గర్వంగా చెప్పుకునే ఆట అది. పిల్లవాడు అవతలి గోలు దగ్గర ఉన్నప్పుడు ఏ లెన్సూ అందుకోదు. ఇవతలికి వచ్చేదాకా ఆగాలి. ఇవతలికి వచ్చాక 70-300 సరిపోతుంది, వెలుగుంటే.

ఆ వెలుగే ఇక్కడ అసలు కరువు. డిసెంబరు 21న డబ్లిన్‌లో పగలు ఏడున్నర గంటలే. జూన్‌లో 17 గంటలు. ఎఫ్ 5.6 లెన్సు కంటే ఎఫ్ 4 రెట్టింపు వెలుగు తెస్తుంది, ఎఫ్ 2.8 దానికి మళ్ళీ రెట్టింపు. అందుకే నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను: ఒకే ధరకు 70-200 ఎఫ్ 4, ఏదో కంపెనీ పొడుగు ఎఫ్ 6.3 జూమ్ దొరికితే ఐర్లండ్‌లో మొదటిదే తీసుకోండి. డబ్లిన్ నార్త్ బుల్ దీవిలో శీతాకాలమంతా కెనడా ఆర్కిటిక్ నుంచి వచ్చిన బ్రెంట్ బాతులు రోడ్డు పక్కనే మేస్తుంటాయి. 1981లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించిన చోటది. దగ్గర పక్షి దొరికే దేశంలో దూరపు లెన్సు కోసం వెలుగు వదులుకోనక్కర్లేదు.

తడి పట్టిన అద్దాలు

కెమెరా లెన్సు రాకముందే తడి గాలితో పోరాడిన పెద్ద అద్దం ఐర్లండ్‌లో ఉంది. మూడో రాస్ ప్రభువు విలియం పార్సన్స్ ఆఫలీ కౌంటీలోని బిర్ కోటలో 1845లో పూర్తిచేసిన టెలిస్కోపు అద్దం వ్యాసం 1.83 మీటర్లు, బరువు సుమారు 3 టన్నులు. 1917లో కాలిఫోర్నియాలో హుకర్ టెలిస్కోపు వచ్చేదాకా 72 ఏళ్ళు దానికంటే పెద్దది లేదు. ఫోకల్ లెంగ్త్ 54 అడుగులు, అంటే 16 వేల ఎంఎం దాటింది. అపర్చర్ ఎఫ్ 9. అంత పొడుగుకి ఎఫ్ 9 అంటే మహా వెలుగు. దాంతోనే ఆయన ఒక గెలాక్సీ సుడి ఆకారాన్ని మొట్టమొదట చూసి బొమ్మ గీశారు. ఆ అద్దం రాగి, తగరం కలిపిన లోహం. ఐర్లండ్ తేమకు త్వరగా మసకబారేది. అందుకే రెండు అద్దాలు చేయించారు: ఒకటి గొట్టంలో ఉంటే ఇంకోదానికి మెరుగు పెట్టేవారు. ఆయన భార్య మేరీ రాస్ ఆ కోటలోనే డార్క్‌రూం పెట్టుకుని ఆ టెలిస్కోపును ఫోటోలు తీశారు. 1854లో మొదలైన ఐర్లండ్ ఫోటోగ్రఫీ సంఘం 1859లో ఆమెకు వెండి పతకం ఇచ్చింది. ఫోటోగ్రఫీలో ఐర్లండ్ తొలి తరం గొప్పవాళ్ళలో ఆమెను లెక్కపెట్టకుండా ఉండలేం.

ఇప్పటి గాజుకు అదే తేమ ఇంకో రూపంలో పగ తీర్చుకుంటుంది. తూర్పు తీరంలో ఏడాదికి సుమారు 150 రోజులు, పడమట 225 రోజుల దాకా వాన పడే దేశం ఇది. గాలిలో తేమ మామూలుగానే 70 శాతం పైన. వాడకుండా అలమరలో, తోలు సంచిలో పెట్టిన లెన్సు లోపల ఫంగస్ పడుతుంది. అమ్మేవాళ్ళు "తాతగారిది, అసలు వాడలేదు" అన్నారంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాడని లెన్సుకే బూజు ఎక్కువ.

చూసే పద్ధతి ఇది. గదిలో దీపాలార్పి, రెండు మూతలూ తీసి, ఫోన్ టార్చిని వెనక నుంచి కాస్త ఏటవాలుగా వేయాలి. ముందు గాజులోంచి చూస్తూ టార్చిని మెల్లగా తిప్పాలి, జూమ్ రింగును ఆ చివరి నుంచి ఈ చివరికి తేవాలి. ధూళి రేణువులు మెరుస్తాయి, వాటికి భయపడనక్కర్లేదు. ఏ లెన్సులోనైనా ఉంటాయి, ఫోటోలో కనపడవు. అంచు దగ్గర మొదలై లోపలికి పాకిన సన్నటి దారాలు, సాలెపురుగు అల్లిక లాంటివి, కనపడితే అది ఫంగస్. వదిలేయండి. గాజు అంతా పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలి నూనె ఆవిరి పట్టిందన్నమాట, దాంతో ఎదురు వెలుగులో ఫోటో వెలవెలబోతుంది. కానన్ ఈఎఫ్ లెన్సులు విప్పినా అపర్చర్ తెరిచే ఉంటుంది కాబట్టి చూడటం తేలిక. నికాన్ జీ రకానికి విప్పగానే మూసుకుంటుంది. వెనక మౌంటు పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని గోటితో పక్కకి నెట్టి పట్టుకుంటే తెరుచుకుంటుంది. వదిలినప్పుడు రేకులు టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా మూసుకుంటే వాటి మీద నూనె చేరినట్టే.

ఇక బిగువు. లెన్సును నేలవైపు వంచి పట్టుకుంటే జూమ్ దానంతట అదే జారిపోతోందా చూడాలి. కాస్త జారడం పాత జూమ్‌లకు సహజం, దడేలున జారితే కాదు. కెమెరాకు తగిలించి, డబ్లిన్‌లో కరువులేని ఎర్ర ఇటుక గోడకు ఎదురుగా నిలబడి, పూర్తి జూమ్‌లో, పూర్తి అపర్చర్‌లో ఒక ఫోటో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. మూడు మూలలు బాగుండి ఒకటే మసకగా ఉంటే లెన్సు ఎప్పుడో కింద పడింది. బయట గీతలు లేకపోయినా సరే.

తాహతుకు తగ్గవి

స్టెబిలైజర్ ఉన్న మొదటి ఎస్ఎల్ఆర్ లెన్సు కానన్ 75-300 ఐఎస్, 1995లో వచ్చింది. చరిత్రలో దాని చోటు దానిదే. ఇప్పుడు కొనడానికి మాత్రం వద్దు. దాని పేరే పెట్టుకుని స్టెబిలైజర్ లేకుండా వచ్చే 75-300లు సెకండ్‌హ్యాండ్ బజారులో కుప్పలుగా ఉంటాయి. అతి చవకగా దొరికేవీ అవే, అతి త్వరగా మళ్ళీ అమ్మకానికి వచ్చేవీ అవే.

ఏపీఎస్-సీ కానన్ ఉన్నవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని చెప్పేది 2013 నాటి 55-250 ఐఎస్ ఎస్‌టీఎం. 375 గ్రాములే, పిల్లల బ్యాగులో కూడా పడుతుంది, వంద నూట యాభై యూరోల మధ్య దొరుకుతుంది. గాజులో దాని ధరకి మించిన పదును ఉంది. ఇంకాస్త పెట్టగలిగితే 1999లో వచ్చిన తెల్ల గొట్టం 70-200 ఎఫ్ 4, 705 గ్రాములు. స్టెబిలైజర్ లేని రకం రెండు మూడు వందల యూరోల్లో వస్తుంది. పరుగెత్తే పిల్లల్ని తీయడానికి స్టెబిలైజర్ పెద్దగా సాయపడదు కాబట్టి ఆ లోటు లోటు కాదు. నికాన్ వాళ్ళకి 2006 నాటి 70-300 వీఆర్, 745 గ్రాములు. గద్దల పిచ్చి పట్టినవాళ్ళకి 2015 నాటి సిగ్మా 150-600 కాంటెంపొరరీ, 1,930 గ్రాములు. దాని అన్న స్పోర్ట్స్ రకం 2,860 గ్రాములు, భుజం ఒప్పుకుంటేనే.

మౌంటు కుదిరినంత మాత్రాన లెన్సు పనిచేస్తుందనుకోవద్దు. నికాన్ డీ3000, డీ5000 వరస కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్-డీ లెన్సు తగిలిస్తే చేత్తో తిప్పుకోవాల్సిందే. కొత్త ఏఎఫ్-పీ లెన్సులు పాత కెమెరాలకు అసలు ఫోకస్ చేయవు. 1990ల నాటి సిగ్మా లెన్సులు కొన్ని కానన్ డిజిటల్ కెమెరాల మీద ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. గాజు ఎంత తళతళలాడినా వాటితో ప్రయోజనం లేదు.

చేత్తో ఫోకస్ చేసే ఓపిక ఉన్నవాళ్ళకి ఒక నిధి ఉంది: 1970లలో మొదలైన వివిటార్ సిరీస్ 1, 70-210. వివిటార్‌కి సొంత కార్ఖానా లేదు, జపాన్ కంపెనీలతో చేయించేది. ఎవరు చేశారన్నది సీరియల్ నంబరు మొదటి రెండంకెలే చెబుతాయి. 22 అయితే కైరాన్, 37 అయితే టోకినా, 28 అయితే కొమీన్. ముందు గాజు చుట్టూ చెక్కిన ఆ అంకెల్ని చదవడం తెలిసినవాళ్ళు సంతలో పదీ ఇరవై యూరోలకి మంచి లెన్సు పట్టుకుపోతారు. 1985లో మినోల్టా తెచ్చిన 70-210 ఎఫ్ 4 కూడా అలాంటిదే. ఆటోఫోకస్ ఉంది, జూమ్ అంతటా అపర్చర్ ఎఫ్ 4 మారదు. సోనీ పాత ఏ మౌంటు కెమెరాలకు నేరుగా తగులుతుంది.

సముద్రం దాటితే పన్ను

ఇంగ్లండులో సెకండ్‌హ్యాండ్ సరుకు ఎక్కువ, ఎంచుకోవడానికి వీలెక్కువ. కానీ 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ మన లెక్కలో పరాయి దేశం. అక్కడి నుంచి తెప్పిస్తే 23 శాతం వ్యాట్ కట్టాలి. సరుకు విలువ 150 యూరోలు దాటితే కస్టమ్స్ సుంకం కూడా పడొచ్చు, పైగా కొరియరు వాడు తన రుసుము కలుపుతాడు. 200 యూరోల లెన్సు గుమ్మం ఎక్కేసరికి 250 దాటుతుంది. బెల్ఫాస్ట్ నుంచో, జర్మనీ నుంచో తెచ్చుకుంటే ఈ బాధ లేదు. అమ్మే కంపెనీ ఏ గిడ్డంగి నుంచి పంపుతుందో డబ్బు కట్టే ముందే అడగాలి.

దుకాణం నుంచి కొంటే, వాడిన సరుకైనా సరే, 2022 నాటి వినియోగదారుల హక్కుల చట్టం అండగా ఉంటుంది. చెప్పిన గుణం లేకపోతే బాగుచేయమనో మార్చమనో అడగొచ్చు. డన్‌డీల్, అడ్వర్ట్స్ లాంటి వెబ్‌సైట్లలో ప్రకటన చూసి మామూలు మనిషి దగ్గర కొంటే ఆ అండ ఉండదు. ధర తక్కువ ఉండేది అందుకే. అలాంటప్పుడు పగటి వేళ కలవండి, మీ కెమెరా, మీ మెమరీ కార్డు, టార్చి తీసుకెళ్ళండి. తీసిన ఫోటోలు అక్కడే పెద్దవి చేసి చూసేదాకా డబ్బు బయటికి తీయొద్దు. మూతలు, హుడ్, ట్రైపాడ్ కాలరు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. కాలరు విడిగా కొనాలంటే కొన్ని లెన్సులకు వంద యూరోలు కూడా అవుతుంది, అది లేకపోతే అంత మేరా ధర తగ్గించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.